అన్‌లిమిటెడ్ ప్లాన్ ఉన్నా సైట్ ఎందుకు పడిపోయింది: అనంతపురం పట్టుచీరల దుకాణం కేస్ స్టడీ

అనంతపురం గడియార స్తంభానికి దగ్గర్లో ఒక పట్టుచీరల దుకాణం ఉంది. ధర్మవరం మగ్గాల నుంచి నేరుగా సరుకు తెచ్చుకుని అమ్ముతారు. రెండేళ్ల కిందటి శ్రావణంలో, సరిగ్గా వరలక్ష్మీ వ్రతం ముందు వారం, వాళ్ల వెబ్‌సైట్ పడిపోయింది. అసలు ఏం జరిగింది, ఎందుకు జరిగింది, దాన్ని ఎలా సరిచేశాం అన్నది వాళ్ల అనుమతితో, పేరు లేకుండా రాస్తున్నాను. కర్నూలు, కడప వైపు చిన్న వ్యాపారులతో పనిచేసినప్పుడూ నేను వినేవి ఇవే మాటలు, ఇవే అపోహలు. అందుకే ఒక దుకాణం కథ పూర్తిగా చెబితే చాలామందికి పనికొస్తుందని నా నమ్మకం.

నా అభిప్రాయం ముందే చెప్తాను. ఈ అపోహల్లో కొనేవాళ్ల తప్పు చాలా తక్కువ. డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్ ఉండే సర్వర్ కంప్యూటర్ మీద అద్దె చోటు), సైట్ సాఫ్ట్‌వేర్, ఈమెయిల్ అనే నాలుగు వేర్వేరు వస్తువులను ఒకే బిల్లులో కట్టి, పైన "అన్నీ ఉచితం, అన్నీ అపరిమితం" అని రాసి అమ్మితే, ఎవరికైనా అది ఒకే వస్తువులా కనిపిస్తుంది. వాటిని విడదీసి, దేనికి ఎవరు బాధ్యులో సైట్ మొదలుపెట్టే రోజే కాగితం మీద రాసి ఇవ్వాల్సింది మా వృత్తిలో ఉన్నవాళ్లం.

దుకాణం, దాని సైట్

చేనేత పట్టుచీరల్లో ఒక విశేషం ఉంది. మిల్లు చీరలాగా ఒకే డిజైన్ వంద పీసులు ఉండవు. చాలా వరకు ఒక చీర అంటే ఒకటే చీర. అది అమ్ముడైపోతే మళ్లీ అచ్చం అలాంటిది రాదు. కాబట్టి సైట్లో ప్రతి చీరకూ విడిగా ఒక పేజీ, ఆ పేజీలో పల్లు, అంచు, ఒళ్లు, బ్లౌజు ముక్క, సిల్క్ మార్క్ లేబుల్, మొత్తం చీర మడత విప్పిన ఫొటో, ఇలా ఐదారు ఫొటోలు. ఈ పనంతా దుకాణం యజమాని అయిన పెద్దాయన కోడలు చూసుకుంటుంది. మంచి వెలుతురు కోసం పొద్దున్నే మిద్దె మీదికి వెళ్లి ఫొటోలు తీస్తుంది. చాలా శ్రద్ధగా తీస్తుంది, ఆ అమ్మాయి పని చూస్తే ముచ్చటేస్తుంది.

సైట్ వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ మీద, అమ్మకాలకు దానికి తగిలించే వూకామర్స్ పెట్టి కట్టారు. కట్టించింది బెంగళూరులో ఉద్యోగం చేసే ఒక బంధువుల కుర్రాడి చేత. హోస్టింగ్ షేర్డ్ ప్లాన్, అంటే ఒకే సర్వర్ మీద వందల సైట్లు పంచుకునేది. ప్రకటనలో నెలకు నూటాయాభై లోపే. నాలుగేళ్లకు ఒకేసారి కడితేనే ఆ రేటు, దాని మీద 18 శాతం జీఎస్టీ, గడువు తీరాక రెన్యువల్ రేటు వేరే. ఆ రేటు మొదటి రేటుకు రెండు మూడు రెట్లు ఉండటం ఈ వ్యాపారంలో మామూలే. ఆ సంగతి షరతుల్లో ఉంటుంది కానీ ప్రకటనలో పెద్ద అక్షరాల్లో ఉండదు. ప్లాన్ కొనేముందు మొదటి రేటు పక్కన రెన్యువల్ రేటు కూడా రాసుకోండని నేను అందరికీ చెప్తుంటాను. హోస్టింగ్ కంపెనీలను పోల్చాల్సింది రెండో అంకెతో.

పడిపోయిన వారం

శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. పట్టుచీరల దుకాణానికి ఏడాదిలో అంతకు మించిన వారం ఉండదు. మంగళవారం సాయంత్రం కోడలు ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక రీల్ పెట్టింది. కొత్తగా వచ్చిన చీరలను వరుసగా భుజాన వేసి చూపించే చిన్న వీడియో. అది బాగా తిరిగింది. రాత్రి తొమ్మిదికల్లా సైట్ తెరిస్తే 508 అని ఒక అంకె, కింద "రిసోర్స్ లిమిట్ ఈజ్ రీచ్డ్" అని ఒక వాక్యం. కాసేపు తెరుచుకుంటుంది, మళ్లీ పోతుంది.

బుధవారం బెంగళూరు కుర్రాడు హోస్టింగ్ కంపెనీ చాట్‌లో అడిగాడు. అవతలివాళ్లు ప్లాన్ అప్‌గ్రేడ్ చేయమన్నారు. చేశారు. ఆ పెద్ద ప్లాన్‌లో పెరిగింది సైట్ల సంఖ్య, మెయిల్ ఖాతాల సంఖ్య. సైట్ పరిస్థితి మారలేదు. "స్పేస్ నిండిపోయి ఉంటుంది" అనుకుని అమ్ముడైపోయిన పాత చీరల పేజీలను ఫొటోలతో సహా ఒక ప్లగిన్‌తో (వర్డ్‌ప్రెస్‌కు తగిలించే అదనపు సాఫ్ట్‌వేర్) మూకుమ్మడిగా తీసేశాడు. ఇక్కడ అసలు నష్టం జరిగింది. కొత్త చీర పేజీ పెట్టేటప్పుడు కోడలు పాత పేజీని డూప్లికేట్ చేసి వివరాలు మార్చేది. అలా చేస్తే వూకామర్స్ ఫొటోలకు కొత్త కాపీ తీయదు, పాత ఫొటోకే ముడి వేస్తుంది. సిల్క్ మార్క్ లేబుల్ ఫొటో, కొన్ని అంచుల దగ్గరి ఫొటోలు అలా వందల పేజీలు పంచుకుంటున్నాయి. పాతవాటితో పాటు అవీ పోయాయి. గురువారం పొద్దునకి అమ్మకానికి ఉన్న చీరల పేజీల్లోనూ ఫొటో ఉండాల్సిన చోట తెల్ల గళ్లు మిగిలాయి.

నా దగ్గరికి వచ్చింది అప్పుడు. పెద్దాయన మొదటి మాట ఇదీ: "ఏమప్పా, అన్‌లిమిటెడ్ అని రాసిచ్చినారు కదా, మళ్ల లిమిట్ యాడి నుంచి వచ్చె?"

న్యాయమైన ప్రశ్న. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే ఉంది.

అన్‌లిమిటెడ్ అనే మాట దేనికి

వాళ్ల హోస్టింగ్ ఖాతా నడిపే పేజీ, అంటే సీప్యానెల్, తెరిచి, కుడివైపు లెక్కల పట్టీని పెద్దాయనకు, కోడలికి ఇద్దరికీ చూపించాను. మొదటి వరుసలో డిస్క్ వాడకం 14 జీబీ, దాని పక్కన అనంతం గుర్తు, పడుకోబెట్టిన ఎనిమిది అంకెలాంటిది. బ్యాండ్‌విడ్త్ (సైట్ నుంచి వెళ్లే మొత్తం డేటా) పక్కనా అదే గుర్తు. ప్రకటనలో అమ్మింది ఈ రెండు వరుసలనే. ఇంకొంచెం కిందికి దిగితే ఫిజికల్ మెమరీ 1 జీబీలో 1 జీబీ, సీపీయూ నూటికి నూరు, ఎంట్రీ ప్రాసెస్‌లు 20కి 20. మూడూ ఎర్రగా ఉన్నాయి. ఆ కిందే ఫైళ్ల సంఖ్య, పాత పేజీలు తీసేయకముందు లక్షా పది వేల పైచిలుకు, దానికి పరిమితి 2,50,000.

పెద్దాయనకు ఇలా చెప్పాను: "సార్, డిస్క్ అంటే మీ గోడౌన్. అది ఎంత పెద్దదైనా ఇస్తామన్నారు. ఎంట్రీ ప్రాసెస్‌లు అంటే కౌంటర్ దగ్గర చీరలు విప్పి చూపించే మనుషులు. వాళ్లు ఇరవై మందే. శ్రావణంలో జనం వచ్చినప్పుడు గోడౌన్ పెంచితే ఏం లాభం?" ఆయనకు ఒక్కసారిగా అర్థమైంది. వెంటనే అడిగారు: "అయితే ఒక్కో మనిషి ఒక్కో గిరాకీకి ఎంతసేపు తీసుకుంటున్నాడు?"

హోస్టింగ్ గురించి అడగాల్సిన ప్రశ్న అదే. డిస్క్ ఎన్ని జీబీలు అని అందరూ అడుగుతారు, ఇది మాత్రం ఎవరూ అడగరు. వాళ్ల సైట్లో ఒక పేజీని తయారుచేయడానికి సర్వర్‌కు దాదాపు 4 సెకన్లు పడుతోంది. ఇరవై ప్రాసెస్‌లు, ఒక్కోటి 4 సెకన్లు అంటే సెకనుకు 5 పనులు. పైగా ప్రతి పేజీ తెరిచినప్పుడల్లా థీమ్‌లోని (సైట్‌కు రూపురేఖలు ఇచ్చే భాగం) చిన్న కార్ట్ బొమ్మ తాజా లెక్క కోసం సర్వర్‌ను ఇంకోసారి పలకరిస్తోంది. అంటే ఒక మనిషి ఒక పేజీ తెరిస్తే రెండు పనులు. చివరికి తేలిందేమిటంటే సెకనుకు ఇద్దరు ముగ్గురికి మించి వస్తే ఆ సైట్ తట్టుకోలేదు. ఒక మంచి రీల్ చాలు దాన్ని కూల్చడానికి.

అదే 4 సెకన్లను 0.4 సెకన్లకు తెస్తే అదే ఇరవై ప్రాసెస్‌లతో సెకనుకు 50 పనులు అవుతాయి. ఒకసారి తయారైన పేజీని దాచిపెట్టి అందరికీ అదే ఇస్తే, అంటే పేజీ క్యాష్ పెడితే, చాలా సందర్శనలకు ఆ ప్రాసెస్‌ల అవసరమే రాదు. వాళ్ల సైట్లో క్యాష్ లేదు. పేజీలు అమర్చే పేజ్ బిల్డర్ ప్లగిన్లు మాత్రం మూడు ఉన్నాయి, అందులో రెండు వాడకంలో లేనివి.

సైట్‌కు వచ్చిన ప్రతి పలకరింపునూ రాసుకునే యాక్సెస్ లాగ్ చూస్తే ఇంకో సంగతి తెలిసింది. ఆ వారం వచ్చిన పలకరింపుల్లో సగానికి దగ్గర మనుషులవి కావు. లాగిన్ పేజీ మీద పాస్‌వర్డ్‌లు ఊహిస్తూ కొట్టే బాట్లు (వాటంతటవే నడిచే ప్రోగ్రాములు) కొన్ని. రంగు, ధర, అంచు ఫిల్టర్లను రకరకాలుగా కలిపి వచ్చే లింకులన్నీ తిరిగే క్రాలర్లు కొన్ని. ఆ ఫిల్టర్ లింకు ఒక్కోటీ సర్వర్‌కు కొత్త పేజీ కిందే లెక్క. "ఇంతమంది చూస్తున్నారు" అని కోడలు ఇన్నాళ్లూ సంబరపడిన అంకెలో వీటి వాటా ఉంది. ఆ మాట చెప్పడానికి నాకు బాధేసింది, కానీ చెప్పక తప్పదు.

కాబట్టి హోస్టింగ్ కంపెనీ అబద్ధమాడిందా? డిస్క్ విషయంలో ఆడలేదు. కానీ డిస్క్ నిండి పడిపోయే చిన్న సైట్లు చాలా అరుదు. ప్రాసెస్‌లు, మెమరీ నిండే పడిపోతాయి. పరిమితి ఉన్నదాన్ని చిన్న అక్షరాల్లో, పరిమితి ఎప్పటికీ అడ్డురానిదాన్ని పెద్ద అక్షరాల్లో రాస్తే కొనేవాడు మోసపోయానని అనుకోవడంలో వింత లేదు. చాట్‌లో కూర్చున్న వ్యక్తి ఆ ఎర్ర వరుసలు చూసి కూడా, ఆ వరుసలు పెరగని ప్లాన్‌ను అంటగట్టడం మాత్రం నాకు ఏ కోణంలోనూ సమ్మతం కాదు.

బ్యాకప్ వాళ్లే తీస్తారు కదా

ఫొటోల సంగతికి వద్దాం. "రోజూ బ్యాకప్ ఉంటుందని ప్లాన్‌లో రాసినారు" అని కుర్రాడు ధైర్యంగా ఉన్నాడు. బ్యాకప్ పేజీ తెరిస్తే చివరి తేదీ ఎన్నో నెలల కిందటిది. ఎందుకని అడిగితే కంపెనీ షరతుల పత్రంలోని ఒక వాక్యం చూపించింది: ఫైళ్ల సంఖ్య లక్ష దాటిన ఖాతాలను ఆటోమేటిక్ బ్యాకప్ నుంచి మినహాయిస్తారు. షేర్డ్ హోస్టింగ్ అమ్మే కొన్ని కంపెనీల షరతుల్లో ఇలాంటి నిబంధన ఉంటుంది, అంకె అటూఇటూగా.

14 జీబీల సైట్లో లక్ష ఫైళ్లు ఎక్కడివి? ఇది కొంచెం దగ్గరగా చూడాల్సిన విషయం. కోడలు ఒక ఫొటో ఎక్కిస్తే వర్డ్‌ప్రెస్ దాన్ని ఒక్క ఫైల్‌గా ఉంచదు. చిన్న థంబ్‌నెయిల్, మధ్యరకం, పెద్దది, ఇంకా పెద్దవి రెండు, అసలు ఫొటోను కుదించిన ప్రతి ఒకటి, వూకామర్స్ అడిగే మూడు కొలతలు, వాటిపైన థీమ్ సొంతంగా అడిగేవి. వాళ్ల సైట్లో ఒక్క పల్లు ఫొటోకు ఫోల్డర్‌లో పదమూడు ఫైళ్లు లెక్కపెట్టి చూపించాను. 1,400 చీరలు, ఒక్కోదానికి ఆరు ఫొటోలు, ఒక్కో ఫొటోకు పదమూడు ఫైళ్లు. గుణిస్తే 1,09,200. ఆ బుధవారం దాకా అమ్ముడైపోయిన చీరల ఫొటోలను ఎప్పుడూ తీయలేదు కాబట్టి అవి అలా పెరుగుతూ వచ్చి ఒకరోజు లక్ష దాటాయి. ఆరోజు నుంచి బ్యాకప్ ఆగింది. ఎవరికీ మెయిల్ రాలేదు.

"మరి మా డబ్బులు తీసుకొని వాళ్లు చేసేదేందన్నా?" అని కోడలు గట్టిగానే అడిగింది. ఆమె కోపం నాకు అర్థమవుతుంది. కానీ చాలా హోస్టింగ్ కంపెనీల షరతుల్లో బ్యాకప్ గురించి రాసేది ఒకటే: ఇది మర్యాదకు ఇస్తున్న సౌకర్యం, దీనికి మేం హామీ ఇవ్వం, మీ బ్యాకప్ మీరే ఉంచుకోవాలి. చట్టపరంగా వాళ్లు అక్కడే నిలబడతారు.

ఇది చిన్న కంపెనీల సంగతి మాత్రమే అనుకోవద్దు. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే యూరప్ పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా సెంటర్ ఒకటి మంటల్లో పూర్తిగా కాలిపోయింది. లక్షల సైట్లు ఆగిపోయాయి. వేరేచోట బ్యాకప్ ఉన్నవాళ్లు కోలుకున్నారు. అసలు కొనుక్కోనివాళ్లూ, బ్యాకప్ అదే ప్రాంగణంలో ఉండిపోయినవాళ్లూ డేటా పోగొట్టుకున్నారు. సర్వర్ ఉన్నచోటే బ్యాకప్ ఉంటే అది సగం బ్యాకప్ కూడా కాదని నేను ఎప్పుడూ చెప్పే మాటకు ఆ అగ్నిప్రమాదమే ఆధారం.

మన కేసులో ఫొటోలను కాపాడింది కోడలి అలవాటే. తీసిన ఫొటోలన్నీ ఆమె ఫోన్ నుంచి గూగుల్ ఫొటోస్‌లోకి ఎక్కుతున్నాయి. వాట్సాప్‌లో గిరాకీలకు పంపినవి కూడా ఉన్నాయి కానీ వాట్సాప్ ఫొటోలను బాగా కుదిస్తుంది, జరీ మెరుపు పోతుంది, కాబట్టి అవి వాడలేదు. గురువారం రాత్రి అమ్మకానికి ఉన్న చీరల్లో ముందు ఖరీదైనవి, ఆ తర్వాత మిగిలినవి, ఆమె, ఆమె భర్త, నేను కూర్చుని ఫొటోలు మళ్లీ ఎక్కించాం. ఈసారి వెడల్పు కుదించి, బరువు తగ్గించి. శుక్రవారం పొద్దునకి సైట్ నిలబడింది. కానీ వ్రతానికి చీర కొనేవాళ్లు అప్పటికే కొనేసుకున్నారు. ఆ వారం ఆన్‌లైన్ అమ్మకం పోయినట్టే. కొంతమంది పాత గిరాకీలు ఫోన్ చేసి తీసుకున్నారు, అంతే.

డొమైన్ ఎవరిది

హోస్టింగ్ మార్చాలని నిర్ణయించాక డొమైన్ చూశాం. "సైట్ మాదే, డబ్బులు కట్టింది మేమే" అన్నారు పెద్దాయన. రిజిస్ట్రేషన్ వివరాల్లో యజమానిగా ఉన్నది కుర్రాడి పేరు, అతని కాలేజీ రోజుల మెయిల్. ఆ మెయిల్ పాస్‌వర్డ్ అతనికే గుర్తులేదు. కుర్రాడు మంచివాడు, బంధువు, కాబట్టి గొడవ లేకుండా తేలింది. లేకపోతే ఈ ఒక్క విషయం కోర్టు దాకా పోగలిగేది.

డొమైన్ అనేది సొంతంగా కొనే ఆస్తి అనుకుంటారు. నిజానికి అది ఏడాదికో, కొన్నేళ్లకో పేరు మీద రాయించుకునే హక్కు. డాట్ కామ్ పట్టిక నడిపేది వెరిసైన్ అనే కంపెనీ, డాట్ ఇన్ పట్టిక చూసేది మన దేశంలోని నిక్సీ అనే సంస్థ. మధ్యలో రిజిస్ట్రార్ కంపెనీలు అమ్ముతాయి. ఆ పట్టికలో ఎవరి పేరు, ఎవరి మెయిల్ ఉందో వాళ్లదే డొమైన్. డబ్బు ఎవరి యూపీఐ నుంచి వెళ్లిందనేది రిజిస్ట్రార్‌కు అనవసరం. గడువు తీరబోతోందనే హెచ్చరికలు కూడా ఆ మెయిల్‌కే వెళ్తాయి. డాట్ కామ్‌లాంటి డొమైన్లకు సుమారు నెల ముందు ఒకసారి, వారం ముందు ఒకసారి మెయిల్ పంపాలని డొమైన్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ నిబంధన. తెరవని మెయిల్‌కు ఎన్ని పంపినా ఒకటే. గడువు దాటి, రిజిస్ట్రార్ తొలగించాక కూడా 30 రోజుల రిడెంప్షన్ గడువు ఉంటుంది, కానీ అప్పుడు తిరిగి తెచ్చుకోవడానికి మామూలు రెన్యువల్ కంటే ఎన్నో రెట్లు గుంజుతారు.

డొమైన్‌ను వేరే రిజిస్ట్రార్‌కు బదిలీ చేయమని కుర్రాడు అడిగాడు. అప్పుడే వద్దన్నాను. యజమాని వివరాలు మార్చినప్పుడు 60 రోజుల బదిలీ తాళం పడే అవకాశం ఉంది, సీజన్ మధ్యలో ఆ టెన్షన్ ఎందుకు? అదే రిజిస్ట్రార్ దగ్గర పెద్దాయన పేరుతో ఖాతా తెరిచి, డొమైన్‌ను అందులోకి తెచ్చి, ఆటో రెన్యువల్ పెట్టి, రెండో మెయిల్‌గా కోడలిది ఇచ్చాం. హోస్టింగ్ మార్చడానికి డొమైన్ బదిలీ అక్కర్లేదు. అది ఏ సర్వర్‌కు చూపిస్తుందో మారిస్తే చాలు. ఈ రెండూ వేర్వేరని తెలియక "హోస్టింగ్ మారిస్తే పేరు పోతుంది" అని భయపడి, నచ్చని కంపెనీలోనే ఏళ్ల తరబడి ఉండిపోయినవాళ్లను చాలామందిని చూశాను.

చిన్నవి, కానీ పదే పదే వినేవి

బ్రౌజర్లో సైట్ అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంది కాబట్టి సైట్ హ్యాక్ కాదు అనే నమ్మకం. 2018 జులై నుంచి క్రోమ్ ఎస్ఎస్ఎల్ (ఆ తాళం గుర్తు తెచ్చే సర్టిఫికెట్) లేని సైట్లను "నాట్ సెక్యూర్" అని చూపించడం మొదలుపెట్టాక అందరూ ఎస్ఎస్ఎల్ పెట్టించుకున్నారు, మంచిదే. కానీ అది కాపాడేది గిరాకీ ఫోన్‌కు, సర్వర్‌కు మధ్య దారిని మాత్రమే. సర్వర్ లోపల పాత ప్లగిన్‌లో కన్నం ఉంటే దొంగ అక్కడి నుంచి వస్తాడు. మోసం చేసే సైట్‌కు కూడా ఈ సర్టిఫికెట్ ఉచితంగా దొరుకుతుంది. తాళం అంటే నమ్మకమైన సైట్ అని జనం అనుకుంటున్నారనే 2023లో క్రోమ్ ఆ తాళం బొమ్మనే తీసేసింది. ఎస్ఎస్ఎల్‌ను వేలకు వేలు పోసి విడిగా కొనమని ఎవరైనా అంటే ఆగి ఆలోచించండి. ఇలాంటి దుకాణానికి లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ ఇచ్చే ఉచిత సర్టిఫికెట్ సరిపోతుంది, అది దానంతటదే రెన్యూ అయ్యేట్టు చూసుకుంటే చాలు.

99.9 శాతం అప్‌టైమ్ (సర్వర్ నడిచే సమయం) అంటే ఎప్పుడూ ఆగదని కాదు. నెలకు 43 నిమిషాలు, ఏడాదికి 8 గంటల 45 నిమిషాలు ఆగినా ఆ మాట నిలబడినట్టే. ఇంకో మెలిక ఉంది: 508 వచ్చినప్పుడు సర్వర్ నడుస్తూనే ఉంది, మీ ఖాతా మాత్రమే ఆగింది. కంపెనీ లెక్కలో అది ఆగినట్టు కాదు. ఒకవేళ నిజంగానే సర్వర్ ఆగినా మామూలుగా ఇచ్చేది ఆ నెల బిల్లులో కొంత తగ్గింపు. పోయిన వ్యాపారానికి పరిహారం ఏ షేర్డ్ ప్లాన్‌లోనూ నేను చూడలేదు.

హోస్టింగ్ మారిస్తే గూగుల్‌లో వెనక్కి పోతామనే భయం పెద్దాయనకు గట్టిగా ఉంది. లింకులు మారకపోతే, మార్పిడిలో సైట్ ఎక్కువసేపు ఆగకపోతే అలా జరగదు.

సర్వర్ ఎక్కడుందన్నది కొంచెం మాట్లాడాలి. పాత సర్వర్ అమెరికాలో ఉంది. అనంతపురం నుంచి అక్కడికి ఒక పలకరింపు వెళ్లి రావడానికి సెకనులో నాలుగో వంతు దాకా పడుతుంది, ముంబైకి అయితే అందులో చిన్న భాగం. ఇండియా సర్వర్‌కు వస్తే తేడా కచ్చితంగా తెలుస్తుంది. కానీ 4 సెకన్ల జాప్యంలో దూరం వాటా చాలా చిన్నది. "ఇండియా సర్వర్ తీసుకో, అన్నీ సర్దుకుంటాయి" అని వాళ్లకు ఇంకో దుకాణం ఆయన సలహా ఇచ్చాడట. లోపల బరువు తగ్గించకుండా సర్వర్‌ను ధర్మవరంలోనే పెట్టినా ఆ సైట్ పడిపోయేది.

ఏం మార్చాం

వీపీఎస్ తీసుకుందామని కుర్రాడి ఉత్సాహం. నేను ఒప్పుకోలేదు. వీపీఎస్ అంటే సర్వర్‌లో మనకంటూ విడిగా ఇచ్చే భాగం. అక్కడ ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్లు, ఫైర్‌వాల్, డేటాబేస్ సర్దుబాట్లు అన్నీ మన నెత్తిన. ఆ దుకాణంలో వాటిని చూసే మనిషి లేడు. కుర్రాడికి పగలంతా ఉద్యోగం. చూసేవాళ్లు లేని వీపీఎస్ కంటే ఆ పనులు కంపెనీయే చూసుకునే మంచి మేనేజ్డ్ హోస్టింగ్ మేలు. ముంబై డేటా సెంటర్‌లో ఉన్న మేనేజ్డ్ వర్డ్‌ప్రెస్ ప్లాన్ తీసుకున్నాం. పాతదాని కంటే నెలకు చాలా రెట్లు ఎక్కువ. పెద్దాయన ఒక్క మాట అనలేదు. "మనిషికి జీతం ఇయ్యకుండా పని కావాలంటే ఎట్లైతాది" అన్నారు.

మార్పిడి వ్రతం అయిపోయిన తర్వాత వారం, రాత్రి పూట చేశాం. డొమైన్ పేరు ఏ సర్వర్‌దో చెప్పేది డీఎన్ఎస్, ఆ చిరునామాను గుర్తుపెట్టుకునే గడువు టీటీఎల్. ముందురోజే ఆ టీటీఎల్‌ను 300 సెకన్లకు తగ్గించాం. డీఎన్ఎస్ మారడానికి రెండు రోజులు పడుతుందని అందరూ అనే మాట దీన్ని తగ్గించనప్పటిది. పాత చిరునామాను ఎంతసేపు గుర్తుపెట్టుకోవాలో మనమే ముందుగా చెప్పుకుంటే, చాలామందికి నిమిషాల్లోనే కొత్త సర్వర్ కనిపిస్తుంది. కొత్త సర్వర్ మీద ఆర్డర్ పెట్టి, యూపీఐ చెల్లించి, రద్దు చేసి, రీఫండ్ వచ్చేదాకా చూసుకున్నాకే మళ్లించాం. మళ్లించేటప్పుడు రెండు గంటలు కొత్త ఆర్డర్లు ఆపాం, లేకపోతే పాత డేటాబేస్‌లో పడ్డ ఆర్డర్ అక్కడే ఉండిపోతుంది. పాత ఖాతాను వెంటనే మూయలేదు.

లోపల చేసింది ఎక్కువ పని. వాడని ప్లగిన్లు తీసేశాం. థీమ్ మార్చి ఫొటో కొలతలను ఐదుకు తెచ్చాం. ఫొటోలు వెబ్‌పీ అనే తక్కువ బరువు రూపంలో. పేజీ క్యాష్, దాని ముందు బాట్లను ఆపి, ఫైళ్లను దగ్గర్లోంచి అందించే క్లౌడ్‌ఫ్లేర్ సేవ. ఫిల్టర్ లింకుల జోలికి క్రాలర్లు రాకుండా అడ్డు. లాగిన్ పేజీకి రెండంచెల తాళం. అమ్ముడైపోయిన చీర పేజీని తీసేయకుండా ఒక్క ఫొటో మాత్రం ఉంచి, కింద అలాంటి రంగులో ఉన్న చీరలు చూపిస్తున్నాం. గూగుల్ నుంచి ఆ పేజీలకు వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

బ్యాకప్ రోజూ రాత్రి హోస్టింగ్ కంపెనీతో సంబంధం లేని వేరే స్టోరేజీలోకి వెళ్తుంది. మూడు నెలలకోసారి దాన్ని ఒక ఖాళీ సర్వర్ మీద తెరిచి చూస్తాం. తెరిచి చూడని బ్యాకప్‌ను నేను లెక్కలోకి తీసుకోను. మొదటిసారి తెరిచినప్పుడే డేటాబేస్ వచ్చింది, ఒక నెల ఫొటోల ఫోల్డర్ రాలేదు. ఫోల్డర్ అనుమతుల చిక్కు. ఆరోజు చూడకపోతే మళ్లీ అవసరమైన రోజే తెలిసేది.

చివరగా ఒక తెల్ల కాగితం. డొమైన్ ఎవరి పేరు మీద, ఏ రిజిస్ట్రార్, గడువు ఎప్పుడు. హోస్టింగ్ ఎవరు, రెన్యువల్ ఎంత. సైట్ అప్‌డేట్లు ఎవరు చేస్తారు, పడిపోతే ముందు ఎవరికి ఫోన్ చేయాలి. బ్యాకప్ ఎక్కడ. పెద్దాయన దాన్ని జీఎస్టీ సర్టిఫికెట్ పక్కన గోడకు తగిలించారు. పాస్‌వర్డ్‌లు అందులో లేవు, అవి విడిగా ఇంట్లో ఉన్నాయి.

పోయిన శ్రావణం

ఈసారి రీల్ ఇంకా బాగా తిరిగింది. చీరల పేజీలు ఎక్కడా ఆగలేదు. వ్రతం ముందు బుధవారం సాయంత్రం మాత్రం కార్ట్, చెల్లింపు పేజీలు నెమ్మదించాయి. అది ఊహించిందే. ఒక్కో గిరాకీకి కార్ట్ వేరు కాబట్టి ఆ పేజీలను దాచిపెట్టి అందరికీ ఒకటే ఇవ్వలేం, ప్రతిసారీ సర్వర్ కొత్తగా తయారుచేయాల్సిందే. కంట్రోల్ ప్యానెల్లో పీహెచ్‌పీ వర్కర్ల (పేజీలు తయారుచేసే ప్రాసెస్‌ల) సంఖ్య పెంచాం, అరగంటలో సర్దుకుంది. సీజన్ అయ్యాక మళ్లీ తగ్గించాం. ఏడాది పొడుగునా పెద్ద ప్లాన్ మోయాల్సిన పని లేదు, అలా పెంచి తగ్గించే వీలున్న కంపెనీని ఎంచుకుంటే చాలు.

ఒక పని ఇంకా మిగిలి ఉంది. ఆర్డర్ రసీదుల మెయిల్ ఇప్పటికీ కొంతమందికి స్పామ్‌లో పడుతోంది. హోస్టింగ్‌తో పాటు వచ్చే ఉచిత మెయిల్ వాడుతున్నారు, దాన్ని అదే సర్వర్ మీదున్న మిగతా సైట్లు కూడా పంచుకుంటాయి. అందులో ఎవరో ఒకరు చెత్త మెయిళ్లు పంపితే మన రసీదుకూ ఆ మచ్చ అంటుతుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పంపేవాళ్ల గుర్తింపు విషయంలో కఠినంగా ఉన్నాయి. మెయిల్ నిజంగా మన డొమైన్ నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు పెట్టాం, కొంత మెరుగైంది. రసీదులను విడిగా ఒక మెయిల్ సర్వీసు ద్వారా పంపే ఏర్పాటు ఇప్పుడు నడుస్తోంది, దసరా సీజన్ మొదలయ్యేలోపు పూర్తి చేయాలని కోడలు పట్టుబట్టింది.